మగ్గం గుంటా, పతన రహిత వార్డూ

మా ఊరి పెద్దాసుపత్రిలో ఇక మీదట ఎవరూ పడకూడదని తీర్మానమైంది. జబ్బు పడకూడదని కాదు. చావకూడదనీ కాదు. నిలబడ్డ మనిషి నేల మీద పడకూడదని.

ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టరు విశ్వంభరప్రసాదు గారు ఎక్కడో చల్లని ఊళ్ళో జరిగిన సభకు వెళ్ళొచ్చారు. ఆసుపత్రి మంచిదో చెడ్డదో తేల్చడానికి ఎంతమందికి నయమైందని చూడటం పాత పద్ధతి అనీ, ఎంతమంది కింద పడ్డారని చూడటం కొత్త పద్ధతి అనీ అక్కడ ఎవరో చెప్పారట. నయం కావడం మన చేతిలో లేదు, పడకుండా పట్టుకోవడం మన చేతిలో ఉంది అని కూడా చెప్పారట. ఈ మాట ఆయనకు బాగా నచ్చింది. తిరిగి రాగానే గేటు మీద 'పతన రహిత ఆసుపత్రి' అని పెద్ద బోర్డు పెట్టించారు. దాని కింద ఒక నల్లబల్ల. ఎవరూ పడకుండా ఎన్నాళ్ళు గడిచిందో రోజూ పొద్దున సుద్దముక్కతో దాని మీద దిద్దాలి. దిద్దడానికి ఒక మనిషి. ఆ మనిషి స్టూలెక్కినప్పుడు పడకుండా పట్టుకోవడానికి ఇంకో మనిషి.

ఈ పనంతా చూడటానికి పతన నివారణ అధికారి అనే కొత్త ఉద్యోగం పుట్టింది. అది త్రివిక్రమరావు గారికి ఇచ్చారు. ఆయన అంతకుముందు మందుల గదిలో సెలైన్ సీసాలు పగలకుండా చూసేవారు. సీసాల్ని చూసినవాడు మనుషుల్ని చూడలేడా అనుకుని ఉంటారు.

సరిగ్గా అప్పుడే నా మోకాలు పోయింది.

నేను చీరలు నేస్తాను. మాది గుంట మగ్గం. నేతగాడు నేల మీద కూర్చుని, ముందున్న గుంటలోకి కాళ్ళు వదిలి, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. కాలు తొక్కకపోతే నిలువు దారాల పడుగు విడదు. పడుగు విడకపోతే అడ్డదారం మోసే నాడె పోదు. నా కుడి మోకాలు తొక్కీ తొక్కీ అరిగిపోయింది. చివరికి చీర సగంలో ఉండగా మగ్గం ఆగింది. కాలు ఇక పనికి రాదంటే ఆ పడుగు కోసేసి, మగ్గం విప్పి, గోడకు చేర్చాలి. ఆ తర్వాత తిని కూర్చోవాలి. అట్లా తిని కూర్చున్న నేతగాళ్ళను మా వీధిలో కొందరిని చూశాను. ఎక్కువ కాలం కూర్చోలేదు వాళ్ళు.

అందుకని మోకాలికి ఆపరేషన్ చేయించుకుందామని వెళ్ళాను. నా ఆడది నాంచారు తోడొచ్చింది. కర్ర పట్టుకుని గేటు దాకా నడిచానో లేదో, ఇద్దరు మనుషులు పరిగెత్తుకొచ్చి నన్ను ఎత్తి చక్రాల కుర్చీలో కూలేశారు. ఎందుకయ్యా అంటే, మీరు నడుస్తున్నారు కదా అన్నారు.

లోపల వార్డు చూస్తే నిశ్శబ్దంగా ఉంది. ప్రతి మంచానికీ నాలుగు వైపులా ఇనప కమ్మీలు. అందరూ వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నారు. నా పక్క మంచం మీద చెవిపోటుకి వచ్చిన మనిషి ఉన్నాడు. చెవి ఎప్పుడో తగ్గిందట. కూర్చోనివ్వడం లేదట. కూర్చున్నవాడికి లేవాలనిపిస్తుంది, లేచినవాడికి నడవాలనిపిస్తుంది, అందుకని మొదట్లోనే ఆపేస్తున్నామని త్రివిక్రమరావు గారు వివరించారట. అతన్ని చూడటానికి వచ్చిన పెళ్ళాం కూడా కాసేపు నిలబడితే, ఆమెను కూడా ఖాళీ మంచం మీద పడుకోమన్నారట.

ఆపరేషన్ చేసే డాక్టరు పేరు కరీముల్లా. కుర్రవాడు. ఏం పని చేస్తావు తాతా అని అడిగాడు. చెప్పాను. గుంట ఎంత లోతు, చెక్కలు ఎంత దూరంలో ఉంటాయి, కాలు ఎంత వంగాలి అని అడిగాడు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవద్దనీ, గొంతుక్కూర్చోవద్దనీ, గుంటలో కాళ్ళు వేలాడదీయడం కుర్చీలో కూర్చున్నట్టే గనక భయం లేదనీ చెప్పాడు. ఆ తొక్కుడే మందు నీకు అన్నాడు. ఆ ఆసుపత్రిలో నా కాలు గురించి అడిగినవాడు అతనొక్కడే. మిగతావాళ్ళు నేనెప్పుడైనా పడ్డానా అని అడిగారు.

నడుముకి సూది వేసి నాకు కాళ్ళు లేకుండా చేశారు. తెర అవతల వడ్రంగి పని వినపడింది. అయిపోయింది.

మర్నాడు పొద్దున కరీముల్లా వాకరు పట్టుకొచ్చి లెమ్మన్నాడు. మంచం కమ్మీ దించాడు. అప్పటికే త్రివిక్రమరావు గారు నా మంచం కాళ్ళ వైపు నిలబడి ఉన్నారు. మెళ్ళో ఈల.

"రోగి నిలబడుట అనునది పతనమునకు పూర్వరంగము డాక్టరు గారూ," అన్నారు. "నిలబడనివాడు పడిన దాఖలా ఇంతవరకు ఎక్కడా నమోదు కాలేదు."

"ఇవాళ నడవకపోతే మోకాలు కర్రలాగా బిగుసుకుపోతుందండీ."

"బిగుసుకొనుట మా విభాగపు పరిధిలోనికి రాదు."

ఇద్దరూ నా కాలు మీదుగా చాలాసేపు వాదించుకున్నారు. ఎవరూ నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. చివరికి సంగతి సూపరింటెండెంటు గారి దగ్గరకు వెళ్ళింది. ఆయన తెలివైన మనిషి. ఇద్దరికీ నచ్చే మార్గం చూపించారు. రోగి నడవాలి, కానీ ఆసుపత్రిలో నడవకూడదు. కనుక ఇంటికి పంపించండి, అక్కడ నడుస్తాడు, పడితే అక్కడ పడతాడు అన్నారు. ఆ పూటే నన్నూ, తుంటి విరిగినవాళ్ళనూ, కాళ్ళకు ఆపరేషన్ అయినవాళ్ళందరినీ వ్యాన్లో ఎక్కించి ఇళ్ళకు పంపేశారు. నల్లబల్ల మీద అంకె నిశ్చింతగా పెరగసాగింది.

ఇంటికొచ్చాక నాకు హాయిగానే ఉంది. వాకరు పట్టుకుని మంచం దగ్గర్నుంచి మగ్గం దాకా నడిచేవాణ్ణి. గుంట అంచున ముక్కాలి పీట వేసుకుని కూర్చుని కాలు కొంచెం వంచేవాణ్ణి. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. అయినా నిన్నటికంటే ఇవాళ ఇంకాస్త వంగుతోందని తెలుస్తుండేది. నాంచారు ఎదురుగా కూర్చుని కండెలకు దారం చుడుతూ, ఇంకొంచెం, ఇంకొంచెం అనేది. మగ్గం మీద చీర అట్లాగే ఉంది. ఆగిన చోట దుమ్ము పట్టకుండా ఆమె తెల్లగుడ్డ కప్పి ఉంచింది.

అంతలో రాజధాని నుంచి ఒక ఉత్తరువు వచ్చింది. ఆపరేషన్ అయినవాడు గాయం మానేలోగా ఇంట్లో పడ్డా, ఆ పతనం ఆసుపత్రి లెక్కలోకే వస్తుందని దాని సారాంశం. మామూలు మనిషైతే, సరే, మనుషుల్ని కాస్త జాగ్రత్తగా నడవమని కబురు పంపిస్తాడు. సూపరింటెండెంటు గారు మామూలు మనిషి కాదు. రోగుల్ని మళ్ళీ ఆసుపత్రికి తెచ్చే బదులు ఆసుపత్రినే రోగుల ఇళ్ళకు పొడిగించారు.

త్రివిక్రమరావు గారు నలుగురు మనుషులతో దిగారు. ముందు గుమ్మం పైన ఒక బోర్డు కొట్టించారు. 'ఎముకల విభాగము, విస్తరిత వార్డు' అని. తర్వాత మంచానికి కమ్మీలు బిగించారు. వాకరు తీసి దూరంగా పెట్టారు. అప్పుడు నిబంధనలు చదివారు. ఈ క్షణం నుండి ఇది వార్డు. రోగి మంచం దిగరాదు. బంధువులు సాయంత్రం వేళ మాత్రమే రావలెను. రోగి భార్యను సహాయకురాలిగా గుర్తించడమైనది, మెడలో గుర్తింపు బిళ్ళ లేకుండా తిరగరాదు. బయటి ఆహారము నిషిద్ధము.

మా వంటింట్లో వండింది బయటి ఆహారమా, లోపలి ఆహారమా అని నాంచారు అడిగింది. ఆ అంశము పరిశీలనలో ఉంది, అంతవరకు వండుకోవచ్చు అన్నారు.

నా బావమరిది ఆదిశేషు పక్క వీధిలోనే ఉంటాడు. పొద్దున్నే వచ్చేవాడు, ఆ రోజు గుమ్మం దగ్గరే ఆపేశారు. కిటికీ లోంచి తల పెట్టాడు.

"బావా, నీ ఇంట్లోకి రావాలంటే చీటీ కావాలంట," అన్నాడు. "మా అక్కని చేసుకున్న కాణ్ణుంచి నువ్వు మనసులో అనుకుంటన్న మాట, సర్కారోళ్ళు చేసి పెట్టారు."

నేను నవ్వలేదు. అప్పటికే వాళ్ళు రంపం తీశారు.

మా వీధి గుమ్మానికి ఎత్తు గడప. దాన్ని తట్టుకుని మనిషి పడే ప్రమాదముందట. నాంచారు శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి బొట్లు పెట్టేది. పచ్చగా పట్టేసిన ఆ చెక్క మీద రంపం పెట్టి కోస్తుంటే ఆమె రెండు చేతులూ అడ్డం పెట్టింది. గడప లేనిది ఇల్లెట్టా అవుతుందయ్యా అని అడిగింది. ఇల్లు కాదమ్మా, వార్డు అని త్రివిక్రమరావు గారు ఓపికగా చెప్పారు. కోసిన గడపను వ్యాన్లో వేయించారు.

ఆ తర్వాత వెనక గదిలోకి వెళ్ళారు. అక్కడ మగ్గం ఉంది. గోడ మధ్యలో వెడల్పాటి ద్వారం గనక మంచం మీంచి నాకు అంతా కనపడుతూనే ఉంది. త్రివిక్రమరావు గారు గుంట అంచున నిలబడి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"వార్డు నడిబొడ్డున గొయ్యి," అన్నారు.

"మగ్గం గుంటండీ," అన్నాను.

"రోగి ఇందులో పడు అవకాశము కలదా?"

"పడనండీ. దిగుతాను."

ఆయన నా వైపు జాలిగా చూశారు. అట్లాంటి సమాధానాలు ఆయనకు అలవాటే అట. ఆసుపత్రిలో పడినవాళ్ళంతా, పడలేదు బాబూ, నేనే కూర్చున్నాను అనేవాళ్ళట. వాళ్ళ నోళ్ళు మూయించడానికే ఆయన స్వయంగా ఒక నిర్వచనం రాశారట. దాన్ని నాకు చదివి వినిపించారు. పతనము అనగా రోగి పై మట్టము నుండి కింది మట్టమునకు చేరుట. జారి చేరెనా, ఇష్టపడి చేరెనా అను విచారణ అనవసరము. ఈ నిర్వచనం రాజధానిలో అందరికీ ఎంతో నచ్చి, రాష్ట్రమంతటికీ దాన్నే ఖాయం చేశారట.

కనుక గుంట పూడ్చెయ్యాలి.

నాంచారు వెళ్ళి గుంటలో దిగి కూర్చుంది. మెడలో బిళ్ళతో సహా. సహాయకుల పతనం గురించి నిర్వచనంలో ఏమీ లేదు గనక త్రివిక్రమరావు గారు కాస్త తికమకపడ్డారు. పూడ్చడానికి పై అనుమతి కావాలనీ, మట్టికి వేరే అనుమతి కావాలనీ, అందాకా పలకలు కప్పించి కాపలా పెడతాననీ చెప్పి వెళ్ళిపోయారు. కాపలాకి ఏసోబు అనే మనిషిని దించారు. అతని పని మంచానికీ గుంటకీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చోవడం. నేను కాలు కింద పెట్టబోతే ఈల వెయ్యడం. గుంటలో పడితే, పడ్డాడు అని పైకి తెలియజేయడం. మంచి మనిషే. ఈల వేసేముందు, వేస్తన్నా తాతా, ఏమనుకోబాక అనేవాడు.

అట్లా నేను మంచం మీద ఉండిపోయాను.

మొదట్లో విశ్రాంతిలాగే ఉంది. తర్వాత తర్వాత కాలు నాది కాకుండా పోసాగింది. పొద్దున లేచి వంచబోతే సగంలో ఆగిపోయేది. లోపల ఎవరో అడ్డం పెట్టి పట్టుకున్నట్టు. కమ్మీల మధ్య కాలు చాపడానికే చోటు, వంచడానికి లేదు. నాంచారు దొంగతనంగా దుప్పటి కింద చెయ్యి పెట్టి వంచబోతే ఏసోబు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు గానీ, ఆమె చేతికి బలం చాలదు. వంగే కొలత రోజు రోజుకీ తగ్గిపోతోంది. మగ్గం మీద కప్పిన తెల్లగుడ్డ నల్లబడింది. మార్చడానికి వెళ్ళాలంటే పలకలు దాటాలి. సహాయకురాలు పలకలు దాటరాదు.

ఒక సాయంత్రం బంధువుల వేళకి కరీముల్లా వచ్చాడు. మెడలో చీటీ ఉంది. విస్తరిత వార్డుకి డాక్టరు రావాలంటే బండి అనుమతి కావాలట, అది రాలేదట. అందుకని బంధువుగా పేరు రాయించుకుని వచ్చాడు. వరస ఏమిటని అడిగితే మనవణ్ణని చెప్పాడట. ఏసోబు అతని పేరూ నా పేరూ ఒకదాని పక్కన ఒకటి చదువుకుని, సరేలే అనుకుని వదిలేశాడు.

కమ్మీ దించి, నా కాలు చేతుల్లోకి తీసుకుని మెల్లగా వంచాడు. ఆగిపోయింది. ఇంకొంచెం నొక్కాడు. నేను దుప్పటి కొరికాను. వంగలేదు. అతని మొహం చూశాను.

"తాతా, ఇంకొన్నాళ్ళు ఇట్టాగే ఉంటే ఇది ఇక వంగదు," అన్నాడు. "తర్వాత నేను కూడా ఏం చెయ్యలేను."

"గుంటలో కూర్చుంటే?"

"కూర్చుంటే వంగుద్ది. కానీ ఇప్పుడే కూర్చోవాలి."

పైవాళ్ళకు ఎన్ని మాట్లు రాశాడో చెప్పాడు. రాసిన ప్రతిసారీ, రోగి పడినాడా అని ఒకే ప్రశ్న తిరిగి వచ్చిందట. పడలేదని రాస్తే, అయితే వార్డు సక్రమంగా ఉన్నట్టే అని జవాబట.

అతను వెళ్ళాక నాంచారు నా మీద పడింది. ఇంతమంది ఇన్ని చేస్తుంటే నోరు తెరవవేందయ్యా, నీ కాలు, నీ మగ్గం, నీ ఇల్లు, ఒక్కసారి గట్టిగా అడగలేవా అంది. ఏమని అడగను. మాట్లాడటం వాళ్ళ వృత్తి. నాది తొక్కడం.

మట్టికి అనుమతి వచ్చింది. అదే రోజున రాజధాని నుంచి కమిటీ కూడా వస్తోందని తెలిసింది. రాష్ట్రంలో మొదటి పతన రహిత ఆసుపత్రి అని మా ఊరికి బిరుదిచ్చే ముందు కళ్ళారా చూసి వెళ్ళడానికి. గుంట పూడ్చడం కమిటీ సమక్షంలో జరిగితే బాగుంటుందని సూపరింటెండెంటు గారికి తోచింది. మొదటి గంప అధ్యక్షురాలి చేత వేయించాలని నిర్ణయించారు. గంపకి రిబ్బను కట్టారు.

పొద్దున్నే ట్రాక్టరు వచ్చి మా వాకిట్లో ఎర్రమట్టి కుప్ప పోసింది. వీధి వీధంతా వచ్చి నిలబడింది. అందరూ నేతవాళ్ళే. ఎవరూ ఏమీ అనడం లేదు. ఆదిశేషు మాత్రం కుప్ప పక్కన నిలబడి, శవం ఇంకా లోపలే ఉంది, మీరు ముందే మట్టి తెచ్చారేంది అని మట్టి మోసేవాళ్ళను అడిగాడు. వాళ్ళు తలలు దించుకున్నారు.

కార్లు వచ్చాయి. కమిటీ అధ్యక్షురాలు హైమవతీదేవి గారు దిగారు. పట్టుచీర కట్టారు. అది మా వీధిలో నేసిందే. సూపరింటెండెంటు గారు ఆమెకు దండ వేశారు. గడప లేని గుమ్మాన్ని చూపించి ఏదో చెబితే ఆమె తల ఊపారు. లోపలికొచ్చి నన్ను చూసి, సుఖంగా ఉన్నారా అన్నారు. నేను సమాధానం చెప్పేలోగా, ఈ రోగి ఇంతవరకు ఒక్కసారి కూడా పడలేదు మేడమ్ అని త్రివిక్రమరావు గారు చెప్పేశారు. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. నేనాయన సొంతమైనట్టు.

పూడ్చడానికని గుంట మీద పలకలు తీసేశారు. అందరూ ఉపన్యాసం కోసం వాకిట్లోకి వెళ్ళారు. సూపరింటెండెంటు గారు పతనము అనునది మానవజాతికి ప్రథమ శత్రువు అని మొదలుపెట్టడం వినిపిస్తోంది.

నేను కమ్మీ దించాను. గోడ పక్కనున్న వాకరు నాంచారు అందించింది. ఏసోబు లేచి నిలబడ్డాడు. ఈల నోట్లో పెట్టుకున్నాడు. వెయ్యలేదు. నేను నడిచి గుంట దగ్గరకు వెళ్ళాను. అంచున కూర్చున్నాను. ఎడమ కాలు లోపలికి పోయింది. కుడి కాలు చాపినట్టే గాల్లో ఆగింది. రెండు చేతులతో తొడ పట్టుకుని కిందికి తోశాను. మోకాల్లో ఏదో చిరిగినట్టయింది. ఆ నొప్పి గురించి రాయడం అనవసరం. కాలు వంగింది. అడుగున చెక్క పాదానికి తగిలింది.

నాంచారు గుడ్డ తీసింది. తొక్కాను. పడుగు విడింది. నాడె విసిరాను.

అప్పుడు ఏసోబు ఈల వేశాడు.

అందరూ లోపలికి పరిగెత్తుకొచ్చారు. ఏం జరిగిందని అధ్యక్షురాలు అడిగారు. ఏసోబు నేర్పిన ప్రకారం నిటారుగా నిలబడి, "పడ్డాడండీ," అన్నాడు.

ఆమె నన్ను చూశారు. నేను నేస్తున్నాను.

పడినవాడు పని చేసుకుంటున్నాడేమిటని అడిగారామె. ఆయన పడలేదు మేడమ్, దిగారు అని త్రివిక్రమరావు గారు గొంతు సవరించుకున్నారు. కమిటీలో ఒక సన్నపాటి మనిషి సంచిలోంచి నిర్వచనం తీసి చదివాడు. జారి చేరెనా, ఇష్టపడి చేరెనా అను విచారణ అనవసరము. ఇది తమరు రాసిందే కదండీ అన్నాడు.

"సందర్భమును బట్టి..." అని త్రివిక్రమరావు గారు మొదలుపెట్టారు.

"సందర్భము ఉండరాదనియే కదా నిర్వచనము," అన్నారు అధ్యక్షురాలు.

నేను మగ్గం కర్ర పట్టుకుని, వాకరు ఊతంతో పైకి లేచాను. ఒక నిమిషం నిలబడి ఊపిరి తీసుకున్నాను. మళ్ళీ కూర్చుని కాళ్ళు లోపలికి వదిలాను. ఈసారి కుడి కాలుని తొయ్యాల్సిన పని లేకపోయింది.

"మళ్ళీ పడ్డాడండీ," అన్నాడు ఏసోబు.

సూపరింటెండెంటు గారి మొహాన చెమట పట్టింది. వెంటనే మట్టి వెయ్యండి, వెయ్యండి అని కేకేశారు. గంపలవాళ్ళు గుంట దాకా వచ్చి ఆగారు. మనిషున్నాడు కదండీ అన్నారు. సన్నపాటి మనిషి మళ్ళీ సంచి వెతికాడు. రోగి లోపల ఉండగా పూడ్చుటకు మార్గదర్శకాలు లేవని చెప్పాడు. అధ్యక్షురాలు రిబ్బను గంపను కింద పెట్టించారు. ఈలోగా నేను ఇంకోసారి లేచాను, ఇంకోసారి దిగాను. కిటికీలో ఆదిశేషు, బావా, ఇట్టా పడతా ఉంటే నీకు ఇంకో బోర్డు కట్టాలి అన్నాడు. వీధి మొత్తం నవ్వింది.

పెద్దలంతా మా అరుగు మీద సమావేశమయ్యారు. మాటలన్నీ లోపలికి వినిపిస్తూనే ఉన్నాయి. ఇన్ని పతనాలు లెక్కలోకి వస్తే మా ఊరు రాష్ట్రంలో ఆఖరున నిలుస్తుంది. బిరుదు పోతుంది. బిరుదు పోతే మొదటి బిరుదు ఇస్తామని రాజధానిలో చెప్పుకున్న కమిటీ పరువు కూడా పోతుంది. నిర్వచనం మార్చడానికి లేదు, అది రాష్ట్రమంతటిదీ. ఆలోచించగా ఆలోచించగా దారి దొరికింది. పడినవాడు రోగి అయితేనే అది పతనం. వార్డులో ఉంటేనే రోగి. ఆపరేషన్ జరిగితేనే ఇది వార్డు. కనుక ఆపరేషన్ జరగలేదు.

ఆపరేషన్ జరగలేదని చెప్పుకోగానే అందరి మొహాలూ తేటపడ్డాయి. అధ్యక్షురాలు మంచినీళ్ళు అడిగారు. నాంచారు, మాది బయటి నీళ్ళమ్మా, మీకు పడతాయో పడవో అంది.

మనుషులు నిచ్చెన వేసి బోర్డు దించారు. మంచం కమ్మీలు విప్పారు. నాంచారు మెడలో బిళ్ళ తీసుకున్నారు. ఏసోబు, ఉంటా తాతా అని ఈల జేబులో వేసుకుని వెళ్ళాడు. కార్లు వెళ్ళిపోయాయి. ఆ మధ్యాహ్నానికి మా ఇల్లు మళ్ళీ ఇల్లయింది, గడప తప్ప. నేను గుంట దగ్గర్నుంచి లేవలేదు.

కానీ కాలికి కుట్లకు బదులు వేసిన పిన్నులు తీయించుకోవాలి కదా. నొప్పి కాస్త తగ్గాక ఆసుపత్రికి వెళ్ళాను. గేటు మీద ఇప్పుడు బంగారు రంగు బోర్డు ఉంది. లోపలి కిటికీ దగ్గర మనిషి నా పేరు వెతికి, మీకు ఇక్కడ ఏ ఆపరేషనూ జరగలేదు, జరగని ఆపరేషన్ పిన్నులు మేం తియ్యలేం అన్నాడు. పంచె పైకెత్తి చూపించాను. తొడ దగ్గర్నుంచి పిక్క దాకా మచ్చ, దాని పొడుగునా ఇనుము. అతను చూపు తిప్పుకుని త్రివిక్రమరావు గారిని పిలిచాడు.

ఆయన వచ్చి మోకాలు దగ్గరగా చూశారు. ఎంతో దయగా మాట్లాడారు. మోకాలి నొప్పి ఉంటే పేరు నమోదు చేయించుకోమన్నారు. ఇక్కడ మంచి ఆపరేషన్ చేస్తారన్నారు.

"పెద్ద దెబ్బే తగిలినట్టుంది," అన్నారు మచ్చ చూస్తూ. "ఎక్కడైనా పడ్డారా?"

"లేదండీ."

"సంతోషం," అన్నారు.

పిన్నులు కరీముల్లాయే తీశాడు. మా ఇంటికొచ్చి, పీట మీద కూర్చుని, ఒక్కొక్కటీ తీసి నాంచారు పట్టిన గిన్నెలో వేశాడు. ఈసారి చీటీ అక్కర్లేకపోయింది. తీయడం అయ్యాక దిగమన్నాడు. దిగాను. తొక్కమన్నాడు. తొక్కాను. అతను గుంట అంచున మోకాళ్ళ మీద కూర్చుని, తల లోపలికి వంచి, నా కాలు పైకీ కిందికీ ఆడటం చాలాసేపు చూశాడు. నాడె అటూ ఇటూ పోతోంది. నేత చీర కొంగు దాకా వచ్చింది. బాగుంది అని తనలో తనే అనుకున్నాడు. కానీ మొహంలో సంతోషం లేదు.

ఏంది బాబూ అని నాంచారు అడిగింది.

ఆసుపత్రి వాళ్ళు సంజాయిషీ అడిగారట. నా ఆపరేషన్ జరగలేదు గనక ఆ పూట అతను థియేటర్లో లేనట్టు. లేడు గనక పని ఎగ్గొట్టి ఎక్కడ తిరిగాడో చెప్పాలి. చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. ఆపరేషన్ చేశానని రాస్తే బిరుదుకి ఎసరు పెట్టాడని పోతుంది. చెయ్యలేదని రాస్తే పని ఎగ్గొట్టాడని పోతుంది.

"మా ఇంట్లో కండెలు చుడతా కూచున్నానని రాయి," అంది నాంచారు. "మేం వచ్చి చెబుతాం."

నేను తొక్కడం ఆపాను.

"పడ్డానని రాయి," అన్నాను.

"ఎక్కడ తాతా?"

"ఆసుపత్రిలోనే. మెట్ల మీద. ఆ పూటంతా లేవలేకపోయానని రాయి."

అతను, మెట్ల మీద అని మెల్లగా అన్నాడు. తర్వాత లేచి వెళ్ళిపోయాడు.

మెట్ల మీద పడ్డానని అతను రాసిచ్చింది అందిన పూటే సంజాయిషీ నోటీసు వెనక్కి తీసుకున్నారట. ఆ రోజు డాక్టరు గారు పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా ఆపరేషన్ థియేటర్లోనే ఉన్నారనీ, ఒక్క క్షణం కూడా కూర్చోకుండా రెండు కాళ్ళ మీద నిలబడే ఉన్నారనీ సూపరింటెండెంటు గారూ, త్రివిక్రమరావు గారూ స్వయంగా సంతకాలు పెట్టారట. ఎవరికి ఆపరేషన్ చేస్తూ నిలబడ్డారని ఎవరూ అడగలేదు.